కావాల్సిన పాట దొరకాలంటే: విన్నదాన్ని మాటల్లో చెప్పడం ఎలా

"ఏవైనా మంచి పాటలు పెట్టండి" అంటే పెట్టేవాళ్లకు మంచివనిపించినవే వస్తాయి. అందులో వాళ్ల తప్పేం లేదు. "మంచి" అన్న మాటలో గొంతు లేదు, వాద్యం లేదు, నడక లేదు. దర్జీకి కొలతలివ్వకుండా చొక్కా కుట్టమన్నట్టు ఉంటుంది. తమకు నచ్చే సంగీతం దొరకడం లేదని బాధపడేవాళ్లలో చాలామందికి పాటల కొరత లేదు, వాటిని అడిగే మాటలే తక్కువ.

దక్షిణ ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు ఉండే తెలుగువాళ్లకు ఈ నేర్పు మరీ అవసరం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా విడిగా ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అందుకే ఇక్కడి పాత ఇళ్లలో కర్ణాటకమూ వినిపిస్తుంది, ఒడిశా సంప్రదాయ సంగీతమైన ఒడిస్సీ కూడా వినిపిస్తుంది. హిందీ పాటలతో హిందుస్తానీ చాయలూ అలవాటయ్యాయి. ఇన్ని కలిసిన చోట "నాకు క్లాసికల్ కావాలి" అంటే ఎవరికి తోచిన క్లాసికల్ వాళ్లు వినిపిస్తారు.

ఈ పనికి ఒక నోటుబుక్కు, పెన్ను, ఇయర్‌ఫోన్లు, సెకన్ల ముల్లు ఉన్న గడియారం చాలు. రోజుకు అరగంట కేటాయిస్తే మొదటి మూడు మెట్లు రెండు వారాల్లో అయిపోతాయి.

మొదటి మెట్టు: పది పాటలు ఎంచుకోండి

ఏడు మీకు బాగా నచ్చినవి, మూడు అసలు పడనివి. నచ్చినవి అంటే నలుగురిలో చెప్పుకోవడానికి బాగుండేవి అని కాదు. ఒంటరిగా ఉన్నప్పుడు మళ్లీ మళ్లీ పెట్టుకునేవి. భాష గురించి పట్టించుకోకండి. సినిమా పాట, భజన, కీర్తన, పెళ్లిలో విన్న బ్యాండు పాట, ఏదైనా సరే.

పడని మూడింటినీ వదిలేయాలనిపిస్తుంది, వదలకండి. ఎందుకు పడలేదో చెప్పగలిగిన రోజున మీ అభిరుచికి హద్దు ఎక్కడుందో తెలుస్తుంది. పక్కవాళ్లందరూ మెచ్చుకునే పాట మీకు నచ్చకపోతే దాన్నే ఈ మూడింట్లో చేర్చండి. అన్నిటికన్నా ఎక్కువ నేర్పేది అదే.

రెండో మెట్టు: ఒక్కో పాటకు ఒక్కో పేజీ

అసలు పనంతా ఇక్కడే. ప్రతి పాటా మూడుసార్లు వినాలి. మొదటిసారి ఏమీ రాయకుండా వినండి. రెండోసారి గొంతు, వాద్యాలు రాసుకోండి. మూడోసారి నడక, మాట. ఇయర్‌ఫోన్లు తప్పనిసరి. ఫోన్ స్పీకరు చాలా చిన్నది కాబట్టి కింది స్థాయి శబ్దాలు దాదాపు బయటికి రావు. మృదంగంలో తొప్పి, అంటే ఎడమవైపు, గుంకారం, తబలాలో ఎడమదాని మోత, డప్పు అడుగు దెబ్బ అన్నీ మాయమవుతాయి. "ఈ పాటలో దమ్ము లేదు" అని తీసిపారేసిన పాట చాలాసార్లు స్పీకరులో మాత్రమే అలా ఉంటుంది.

గొంతు. ఆడా మగా అని రాసి ఆగిపోకండి. పై స్థాయిలో ఎక్కువ తిరుగుతోందా, కిందే ఉంటోందా? స్వరం మీద నిలకడగా ఆగుతోందా, ఊగుతోందా? మైకుకు దగ్గరగా చెవిలో చెప్పినట్టు పాడుతున్నారా, సభకు వినపడేలా ఎత్తి పాడుతున్నారా? తంబూరా యాప్ ఒకటి ఫోన్లో పెట్టుకుంటే శ్రుతి, అంటే పాటకు ఆధారమైన స్వరం ఎంత ఎత్తులో ఉందో కూడా కనుక్కోవచ్చు. పాట ఆగే స్వరం దగ్గర యాప్‌ను కలిపి చూడండి, రెండూ ఒకటైపోయిన చోట అంకె రాసుకోండి. కచేరీల్లో మగవాళ్లు ఎక్కువగా ఒకటి నుంచి రెండు శ్రుతి మధ్య, ఆడవాళ్లు నాలుగున్నర నుంచి ఆరు మధ్య పాడతారు. మీకు నచ్చిన ఏడింట్లో ఐదు ఒకే శ్రుతి చుట్టుపక్కల తేలితే అది గట్టి ఆధారం.

వాద్యం. పేరు తెలియకపోతే ఫరవాలేదు. కొట్టేదా, ఊదేదా, మీటేదా, కమానుతో లాగేదా అన్నది చెప్పగలిగితే చాలు, మిగతాది వాయించేవాళ్లే చెప్తారు. ఇక్కడ ఎక్కువగా కలగాపులగమయ్యేవి మద్దెల జాతివి. తబలా అయితే రెండు విడి భాగాలు, ఎడమదాని మోత జారుతూ వంగుతుంది. మృదంగం కుడివైపు లోహం మోగినట్టు ఖణేల్మంటుంది. మర్దల ఒడిస్సీ పాటకూ నాట్యానికీ వేసేది. మృదంగంలాగే ఒకే మొద్దుకు రెండు వైపులా తోలు, పక్కన చిన్న తాళాలు వినిపిస్తాయి, వాటిని ఒడియాలో గిని అంటారు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చే జముకుల కథలో తీగ మీటినప్పుడల్లా జుమ్మని సాగే మోత ఇంకెక్కడా రాదు. ఆ ఒక్క శబ్దం కోసమే వినేవాళ్లున్నారు.

నడక. గడియారం చూస్తూ 15 సెకన్లు కాలితో తాళం వేయండి. ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కపెట్టి 4తో గుణించండి. 16 పడితే నిమిషానికి 64. నెమ్మదిగా సాగేవి 60 నుంచి 75 దాకా, మామూలు నడక 90 నుంచి 110 దాకా, ఊరేగింపు ఊపు 130 దాటి ఉంటుందని స్థూలంగా అనుకోండి. ఇక్కడ జరిగే పొరపాటు ఒక్కటే, రెట్టింపు లెక్క. ఒకరు 70 అన్న పాటనే ఇంకొకరు 140 అంటారు, ఎందుకంటే వాళ్లు చిన్న దెబ్బలు కూడా లెక్కేశారు. ఆ పాట వింటూ మీరు నడిస్తే అడుగు ఎక్కడ పడుతుందో అదే దెబ్బ. పదింటికీ అదే పద్ధతి పాటించండి.

తర్వాత గట్టి దెబ్బ నుంచి గట్టి దెబ్బకు ఎన్ని అక్షరాలో (తాళంలోని సమానమైన లెక్కలను అక్షరాలంటారు) లెక్కపెట్టండి. నాలుగో ఎనిమిదో వస్తే ఆది తాళం లాంటి నడక. ఆరు వస్తే రూపకం. ఐదు ఖండచాపు, ఏడు మిశ్రచాపు. ఒడిస్సీలో ఏకతాళి నాలుగు, ఖేమటా ఆరు. తాళం పేరు తప్పు రాసినా ఇబ్బంది లేదు, అంకె సరిగా ఉండాలి. ఏడు అక్షరాల పాటలంటే ప్రాణమిచ్చేవాళ్లకు చాలాకాలం ఆ సంగతే తెలియదు.

మాట. మూడుసార్లు విన్నాక పల్లవి కాగితం మీద రాయగలిగారా? రాయగలిగితే మాట మీకు ముఖ్యం. రాయలేకపోయినా పాట నచ్చితే మీరు గొంతునో వాద్యాన్నో వింటున్నారు. అప్పుడు భాష రాని పాటలు కూడా మీరు ధైర్యంగా వినవచ్చు. ఈ ప్రాంతంలో ఉన్నవాళ్లకు ఇది పెద్ద తలుపు.

వేళ. ఎప్పుడు వింటే నచ్చింది? పొద్దున్నే వంటింట్లో నచ్చినది రాత్రి పడుకునే ముందు చిరాకు తెప్పించవచ్చు.

రాసేటప్పుడు మీరు మాట్లాడే మాటల్లోనే రాయండి. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పనిచేసింది పర్లాకిమిడిలోనే. సవరల భాషను ఆయన వాళ్ల నోట విన్నది విన్నట్టు, పాటలూ కథలూ రాసుకుంటూ నేర్చుకుని 1931లో దానికి వ్యాకరణం ప్రచురించారు. సంగీతం పుస్తకాల్లోని పెద్ద పదాలు అరువు తెచ్చుకుంటే రేపు మీకే అర్థం కాదు. "గొంతు గరుగ్గా ఉంది, చివర్లో జారిపోతుంది" అన్నది ఎవరికైనా అర్థమవుతుంది.

పేజీ పూర్తయ్యాక ఇలా ఉండాలి (జణాణ అంటే దేవుడికి మొరపెట్టుకునే ఒడియా పాట):

"జణాణ, ఒడియా. మగ గొంతు, కింది స్థాయి, ఊగడం తక్కువ. మర్దల, గిని, వేణువు. నడక 64, నాలుగు అక్షరాలు. మాట సగమే తెలిసింది. రాత్రి భోజనం అయ్యాక. నచ్చింది: మొదటి నిమిషం తాళం లేకుండా గొంతు ఒక్కటే. నచ్చనిది: చివరి చరణంలో కీబోర్డు."

"నచ్చింది", "నచ్చనిది" అన్న రెండు గడులూ ప్రతి పాటకూ ఉండాలి, పడని పాటలకు కూడా. అక్కడ పాటలో ఏ చోటో రాయండి. "అంతా బాగుంది" అని రాస్తే ఆ పేజీ ఎందుకూ పనికిరాదు.

మూడో మెట్టు: ఒక్క వాక్యం తేల్చండి

పది పేజీలూ నేల మీద పరిచి చూడండి. ఏడింట్లో కనీసం ఐదింట్లో కనబడినదాని కింద గీత గీయండి. పడని మూడింట్లో అదే ఉంటే కొట్టేయండి. మిగిలినదాన్ని ఒక వాక్యంగా రాయండి: "గొంతు ముందుండాలి, వాద్యాలు మూడుకు మించకూడదు, నడక 60-75, మొదట్లో తాళం లేని భాగం ఉండాలి."

ఇక్కడ తరచూ ఆశ్చర్యం ఎదురవుతుంది. ఫలానా హీరో పాటలు ఇష్టం అనుకున్నవాళ్లకు తీరా చూస్తే వాటన్నిటా వయొలిన్ల గుంపు కామన్‌గా ఉంటుంది. భక్తి పాటలే ఇష్టం అనుకున్నవాళ్లకు నచ్చినదల్లా హార్మోనియం కావచ్చు. వచ్చిన ఫలితాన్ని నమ్మండి. అనుమానం ఉంటే అదే లక్షణం ఉన్న, మీకు పరిచయం లేని పాట ఒకటి విని చూడండి. వాక్యం ఇమడకపోతే మీకు రెండు రకాల అభిరుచులు ఉన్నట్టు, వేళను బట్టి రెండు వాక్యాలు రాసుకోండి.

నాలుగో మెట్టు: అడగడం

కొన్ని మాటలు అందరూ వాడతారు, ఒక్కొక్కరు ఒక్కో అర్థంతో. "పాత పాటలు" అంటే అరవై దాటినవాళ్లకు 1950ల నాటివి, పాతికేళ్లవాళ్లకు 2000 తర్వాతివి. సంవత్సరాలు చెప్పండి: "1955 నుంచి 65 మధ్యవి." "మెలోడీ" అంటే కొందరికి నెమ్మది, కొందరికి విషాదం, కొందరికి డప్పులు లేకపోవడం. ఆ మాట మానేసి నడక అంకె చెప్పండి. "ఫోక్" అంటే సినిమాలోని జానపదం బాణీయా, తప్పెటగుళ్లవాళ్లు నిజంగా పాడేదా? "క్లాసికల్" ముందు కర్ణాటకమో ఒడిస్సీయో హిందుస్తానీయో చేర్చకుండా నోరు తెరవకండి.

రాగం పేరుతో అడిగేవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఒకే పేరు రెండు పద్ధతుల్లో రెండు వేరే రాగాలకు ఉంటుంది. మన హిందోళానికి దగ్గరది హిందుస్తానీలో మాల్కౌఁస్. అక్కడ హిందోల్ అని అడిగితే పూర్తిగా వేరే రాగం పాడతారు. మన తోడికి దగ్గరది వాళ్ల భైరవి. వాళ్ల తోడి మన శుభపంతువరాళికి దగ్గర. మోహన కావాలంటే భూపాలీ అనాలి, శుద్ధ సావేరి కావాలంటే దుర్గా, కల్యాణి కావాలంటే యమన్. బరంపురంలోనో జయపురంలోనో ఏ పద్ధతిలో నేర్చుకున్న గురువుగారినైనా అడిగేటప్పుడు పేరుతో పాటు రెండు లైన్లు కూనిరాగం తీసి చూపడం అన్నిటికన్నా నమ్మకం. గొంతు బాగోలేదని సిగ్గుపడనక్కర్లేదు, ఆయనకు కావలసింది స్వరాల దారి మాత్రమే.

అడిగే తీరు ఇలా ఉంటే జవాబు వస్తుంది:

"మాస్టారూ, నాకు తాళం మొదలయ్యే ముందు గొంతు ఒక్కటే తిరిగే భాగం బాగా నచ్చుతుంది. మగ గొంతు, మర్దల నెమ్మదిగా. కీబోర్డు ఉంటే వినలేను. భక్తకవి సాలబేగ్ భజన ఒకటి అలా విన్నాను. ఆ పద్ధతిలో పాడేవాళ్లవి ఇద్దరి పేర్లు చెప్తారా?"

ఇందులో నచ్చేది ఉంది, పడనిది ఉంది, ఒక ఉదాహరణ ఉంది, అడిగింది ఒక్కటే. పాటలు కాకుండా పాడేవాళ్ల పేర్లు అడగడం కావాలనే. ఒక పాట చెప్తే వినేసి అయిపోతుంది, ఒక పేరు చెప్తే దారి దొరుకుతుంది. ఆయన చెప్పాక మీ మాటల్లో తిరిగి ఒకసారి చెప్పి సరిచూసుకోండి: "అంటే మొదట ఫలానావారివి, అవీ స్టూడియో రికార్డులు కాకుండా కచేరీవి వినమంటారా?" చాలా తేడాలు అక్కడే బయటపడతాయి.

దండనాట, ప్రహ్లాద నాటకం, ఠాకురాణీ యాత్ర లాంటి ఆటలూ జాతరలూ జరిగే చోట్ల వాయించేవాళ్లను అడగాలంటే ఆట ఆగినప్పుడు వెళ్లండి. వాద్యం చేతిలో ఉండగానే "ఇందాక వేసిన నడక ఇంకోసారి వేస్తారా అన్నా" అంటే ఎవరూ కాదనరు. అనుమతి అడిగి ఆ అరనిమిషం ఫోన్లో రికార్డు చేసుకోండి.

ఐదో మెట్టు: వెతకడం

పల్లవి మొదటి లైను తెలుగు లిపిలో కొట్టండి. దొరక్కపోతే ఇంగ్లీషు అక్షరాల్లో. ఒడియా పాట అయితే ఇక్కడే చాలామంది ఓడిపోతారు. ఒడియాలో అకారం నోట్లో "ఒ"కు దగ్గరగా పలుకుతుంది, మాట చివర అకారం కూడా వినబడుతుంది. చెవికి "జొగొన్నాథొ" అని వినిపిస్తుంది, దాన్ని విన్నట్టే 'ఓ' అక్షరాలతో కొడితే ఏమీ రాదు. ఒడియావాళ్లు ఆ చోట 'ఏ' అక్షరమే వాడతారు, కాబట్టి మనం "జగన్నాథ" అని రాసినట్టే కొట్టండి. మరికొన్ని: మన వకారం అక్కడ బకారం అవుతుంది, "వనమాలి"ని 'బీ' అక్షరంతో వెతకాలి. మాట మొదటి యకారం జకారమవుతుంది, "యమున"ను 'జే' అక్షరంతో. "క్ష" వినడానికి "ఖ్య"లా ఉన్నా రాసేటప్పుడు 'కే ఎస్ హెచ్' తోనో 'ఎక్స్' తోనో రాస్తారు. ఇంగ్లీషులో ళకారానికీ లకారానికీ ఒకే అక్షరం, ణకారానికీ నకారానికీ ఒకే అక్షరం. ఈ నాలుగైదు మార్పులు చేసి చూస్తే దొరకని ఒడియా పాటలు సగం దొరుకుతాయి. పాట పేరుతో పాటు రకం కూడా చేర్చండి: జణాణ, చంపూ, ఛాంద, చౌతిశా. చౌతిశా అంటే కకారం నుంచి క్షకారం దాకా 34 అక్షరాల వరుసలో నడిచే పాట.

మాటలు గుర్తులేకపోతే గూగుల్ యాప్‌లో మైకు నొక్కి 10-15 సెకన్లు కూనిరాగం తీయవచ్చు. ఈ సదుపాయం 2020లో వచ్చింది. పల్లవి దగ్గర మొదలుపెట్టి, మాటల్లేకుండా "లాలలా" అంటూ ఒకే నడకలో తీయండి. మధ్యలో ఆగి సరిదిద్దుకుంటే ఫలితం చెడుతుంది. షాజామ్ లాంటి యాప్‌ల పని వేరు. అవి మోగుతున్న రికార్డు ముద్రను తమ దగ్గరున్న రికార్డులతో పోలుస్తాయి. కాబట్టి ఆటోలోనో హోటల్లోనో పాట మోగుతుంటే అవి పనికొస్తాయి, గుడిలో భజన బృందం పాడుతుంటే పనికిరావు.

రేడియోను తక్కువగా చూడకండి. బరంపురం, జయపురం, విశాఖపట్నం ఆకాశవాణి కేంద్రాలు మూడూ మనకు దగ్గరివే. కచేరీకి ముందు గాయకులు, పక్కవాద్యాలు, కృతి, రాగం, తాళం, రచయిత పేర్లు చెప్తారు, సినిమా పాటకు చిత్రం, రచన, సంగీతం, గానం చెప్తారు. సంగీతం గురించి క్లుప్తంగా, సరిగ్గా ఎలా చెప్పాలో నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి నమూనా నాకు తెలియదు. పెన్ను పట్టుకుని కూర్చుని ఆ ప్రకటన మొత్తం రాసుకోండి.

పేరు దొరికాక తీగ లాగాలి. గుణుపురంలో పుట్టిన రఘునాథ్ పాణిగ్రాహి గీతగోవింద గానానికి ప్రసిద్ధులు, మద్రాసులో ఉన్న రోజుల్లో తెలుగు సినిమాలకూ పాడారు. ఆ గొంతు తెలుగు పాటలో నచ్చినవాళ్లు అష్టపదుల వైపు వెళ్లవచ్చు, అటు నుంచి ఇటూ రావచ్చు. ఘంటసాల గొంతు నచ్చితే ఆయన గురువు పట్రాయని సీతారామశాస్త్రి గారి దాకా, అంటే కోరాపుట్ కొండలు దిగితే వచ్చే సాలూరు దాకా తీగ సాగుతుంది. వయొలిన్ నచ్చినవాళ్లు విజయనగరం సంగీత కళాశాల వైపు, ద్వారం వెంకటస్వామినాయుడు గారి రికార్డుల వైపు వెళ్లండి. గాయకుడి పేరు, గురువు పేరు, పక్కవాద్యం పేరు, ఈ మూడు కొసల్లో ఏదో ఒకటి లాగితే చాలు.

ఏ పద్ధతి మీకు నప్పుతుందో తేల్చుకోవడానికి ఒక పరీక్ష చెప్తాను. జయదేవుడి గీతగోవిందంలో 24 అష్టపదులున్నాయి. దశావతారాల మీద ఉన్న మొదటిదాన్ని ఒడిస్సీలో ఒకటి, కర్ణాటక బాణీలో ఒకటి, హిందుస్తానీలో ఒకటి వెతికి వరుసగా వినండి. సాహిత్యం అదే కాబట్టి మీకు నచ్చిందీ నచ్చనిదీ సంగీతమే. మూడు పేజీలు రాసి పక్కపక్కన పెట్టండి.

ఆరో మెట్టు: దొరికినదాన్ని పరీక్షించడం

కొత్త పాటను వేర్వేరు రోజుల్లో మూడుసార్లు, చివరిదాకా వినండి. మొదటి 30 సెకన్లకే దాటేస్తే ఆలాపనతో మొదలయ్యేవన్నీ మీ జీవితంలోంచి వెళ్లిపోతాయి. మూడోసారికీ పట్టకపోతే వదిలేయండి, మొహమాటం వద్దు.

యాప్ సూచనలు చెడిపోవడానికి పెద్ద కారణం ఇంటిల్లిపాదీ ఒకే ఖాతా వాడటం. పిల్లల పాటలు, పూజ వేళ సుప్రభాతం, మీ జణాణ అన్నీ ఒకరి అభిరుచే అనుకుంటుంది. మీకంటూ వేరే ఖాతా పెట్టుకోండి, లేదంటే పిల్లలకు పెట్టినవి హిస్టరీలోంచి తీసేయండి.

గజపతి, రాయగడ కొండల్లో సిగ్నల్ తెగుతుంది కాబట్టి ఇంట్లో వైఫై ఉన్నప్పుడే డౌన్‌లోడ్ చేసుకోవాలి. 320 కేబీపీఎస్ నాణ్యతలో గంటకు 144 ఎంబీ, 128లో సుమారు 58 ఎంబీ అవుతుంది. సినిమా పాటకు 128 సరిపోతుంది. గిని, తంబూరా, వయొలిన్ ఉన్న కచేరీకి మాత్రం 320 పెట్టుకోండి, తక్కువ నాణ్యతలో తాళాల మోత ఇసుక రాసినట్టు వినిపిస్తుంది.

ఏడో మెట్టు: పెళ్లి మేళానికి చెప్పడం

మీ అభిరుచిని పదిమంది ముందు, తిరిగి సరిదిద్దుకునే వీలు లేకుండా చెప్పాల్సిన సందర్భం ఇదే. నోటిమాట చాలదు, కాగితం మీద రాసివ్వండి.

ముందు వాద్యం తేల్చండి. ఒడియా మాట్లాడే ఏజెంటుతో ఫోన్లో "సన్నాయి" అంటే ఆయన మనసులో షెహనాయి ఉండవచ్చు, మహురి ఉండవచ్చు. మహురి చిన్నది, మోత కీచుగా, ఊరేగింపుకు బాగుంటుంది. డోలుతో వచ్చే పొడవాటి సన్నాయి కావాలంటే ఫొటో ఒకటి, అరనిమిషం ఆడియో ఒకటి పంపి "ఇదే" అని ఖాయం చేసుకోండి. ఎందరు వస్తారో అడగండి: సన్నాయిలు రెండా ఒకటా, డోళ్లు ఎన్ని, శ్రుతికి మనిషా పెట్టెనా, తాళం ఎవరు.

తర్వాత ఘట్టాల వరుస రాయండి. ఎదురుకోలుకు ఊపుగా, మంగళస్నానాలకు మామూలు నడకలో. మంత్రాలు జరుగుతున్నంతసేపూ సన్నాయి ఒక్కటే, అదీ తగ్గించి. జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ దగ్గర పంతులుగారు "భజంత్రీలు!" అనగానే డోళ్లతో సహా పూర్తి మేళం. తలంబ్రాలకు హుషారు పాటలు. భోజనాల వేళ పక్కమనిషి మాట వినపడేంత తగ్గించి. అప్పగింతలకు ఏ పాట వద్దో కూడా రాయండి, ఆడపిల్ల తల్లి ఏడ్చే పాట కొందరికి కావాలి, కొందరికి వద్దు. ఆ ఇంటివాళ్లను అడిగి రాయాలి.

ఎక్కువగా చెడేది సైగ దగ్గర. సన్నాయి మేళం, బ్యాండు, డీజే మూడూ పిలిచిన ఇంట్లో ముగ్గురూ ఒకేసారి అందుకుంటారు, ఎందుకంటే ముగ్గురికీ ముగ్గురు బంధువులు చెప్తుంటారు. ఒక్క మనిషిని పెట్టండి. కాగితం మీద ఆయన పేరు రాసి మేళం మాస్టారుకు ముఖం చూపించండి: "మాస్టారూ, మా చిన్నబాబాయి చెయ్యెత్తితేనే మొదలుపెట్టండి, ఇంకెవరు చెప్పినా ఆయన వంక చూడండి."

ముహూర్తం రాత్రి పొద్దుపోయాక ఉంటే ఇంకొకటి గుర్తుంచుకోవాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట మైకులూ వాద్యాలూ మోగించకూడదు. మేళాన్ని మూసి ఉన్న మండపం లోపలే కూర్చోబెట్టి, మైకు తీసేయించండి. ఈ మాట బేరం కుదిరే రోజునే చెప్పాలి, లేకపోతే సౌండు సిస్టమ్ డబ్బు దగ్గర పేచీ వస్తుంది.

పాట పంపేటప్పుడు

దొరికినదాన్ని స్నేహితులకు పంపేటప్పుడు లింకు ఒక్కటే పంపితే సాధారణంగా ఎవరూ వినరు. ఎక్కడ వినాలో చెప్పండి: "2 నిమిషాల 10 సెకన్ల దగ్గర మర్దల ఆగి గొంతు ఒక్కటే మిగులుతుంది, అది విను. ఇయర్‌ఫోన్లతో." బదులుగా వాళ్లను కూడా "బాగుంది" అనకుండా నచ్చిన చోటు నిమిషం, సెకనుతో చెప్పమనండి. వాళ్లు చెప్పిన చోటు మీరు చెప్పిన చోటు కాకపోతే దాన్ని ఆ పాట పేజీలోనే, వాళ్ల పేరుతో రాసుకోండి. ఈసారి వాళ్లకు ఏం పంపాలో ఆ వరుసలో ఉంటుంది.